కుంచం, ఖాతా, కార్డు: తెలుగునేల వెలుపలి తెలుగిళ్ల పొదుపు చరిత్ర

తెలుగునేలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రను మనం సాధారణంగా వలసలు, శాసనాలు, దేవాలయాలు, బడులు, పత్రికలు ఆధారంగా రాసుకుంటాం. వంటింటి పద్దు ఈ ఆధారాల వరుసలో కనిపించదు. బియ్యం ఎంత, పప్పు ఎంత, చింతపండు ఎప్పుడు కొన్నారు, కొట్టులో బాకీ ఎంత ఉంది అనే విషయాలు చరిత్రకారునికి చిన్నవిగా తోస్తాయి. కాని ఒక కుటుంబం కొత్త ఊళ్లో నిలదొక్కుకున్నదా లేదా అన్నది చాలావరకు ఈ చిన్న విషయాల్లోనే తేలింది. అందుకే ఈ వ్యాసంలో కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలోని తెలుగిళ్ల పొదుపును ఒక చరిత్రాంశంగా పరిశీలించదలచాం.

పొదుపును మన పెద్దలు ఒక గుణంగా చెప్పారు. పొదుపరి, దుబారా మనిషి, పిసినారి అని మనుషులను వేరుచేశారు. ఈ మాటల్లో కొంత నిజం ఉంది. అయితే గుణం ఒక్కటే ఉంటే చాలదు. సరుకు చవకగా ఇంటికి రావాలంటే మూడు కావాలి: మోసం లేని కొలత, సరుకు చవకైన కాలం, ఆ కాలానికి చేతిలో రొక్కం. ఈ మూడూ ఉన్న ఇంటికి పొదుపు సులభం. లేని ఇంట్లో ఎంత నోరు కట్టుకున్నా ఖర్చు తగ్గదు. సహకార దుకాణం, రేషను కార్డు, చీటీ, పొదుపు సంఘం వంటివి ఈ మూడింటిని లేనివారికి అందించే ప్రయత్నాలుగా పుట్టాయని మా అభిప్రాయం.

కొలతల భాష

తెలుగిళ్లలో ధాన్యాన్ని, బియ్యాన్ని కొలపాత్రతో కొలిచేవారు. సాధారణంగా చెప్పే లెక్క ఇది: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. చింతపండు, బెల్లం, మిరపకాయలు, పసుపు వంటివాటికి తూకం ఉండేది. మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. నేటి లెక్కలో వీశ దాదాపు 1.4 కిలోలు.

ఈ పేర్లు అన్నిచోట్లా ఒకటే అయినా పాత్ర పరిమాణం సీమకో తీరుగా ఉండేది. తెలుగునేల దాటిన కుటుంబానికి ఇంకో చిక్కు ఎదురయ్యేది. మద్రాసు మణుగు సుమారు 25 పౌండ్లు, బొంబాయి మణుగు 28 పౌండ్లు, రైళ్లలోనూ బెంగాలు వైపునా వాడిన మణుగు 82 పౌండ్ల పైచిలుకు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలో భాగం. కనుక బరంపురం తెలుగువారికి మద్రాసు లెక్క ఇంటి లెక్క. అదే ఇంటి అబ్బాయి బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగానికి చేరి ఉత్తరానికి వెళితే అక్కడ మణుగు అన్నమాటకు మూడు రెట్లకు మించిన బరువు. మాట ఒకటే, బరువు వేరు. ధర విని చవకో ప్రియమో చెప్పాలంటే ముందు ఏ మణుగో తెలియాలి.

పక్క భాషల కొలతలు దీనికి తోడయ్యాయి. తమిళసీమలో పడి, మరకాల్. కన్నడసీమలో పావు, సేరు, కొళగ, ఖండుగ. మరాఠీ సీమలో శేర్, పాయలీ. ఒడియాలో మాణ, గౌణి. బజారులో బేరం ఆ ఊరి కొలతలో సాగేది. ఇంట్లో అత్తెసరు పెట్టడానికి మాత్రం తవ్వ, సోల, గిద్దె నిలిచాయి. బడిలో తెలుగు చదవని పిల్లలకు కూడా ఎసట్లో బియ్యం పోసే వేళ సోలెడు, తవ్వెడు అనే మాటలు చెవిన పడ్డాయి. ఇంటి భాష నిలవడానికి వంటిల్లు చేసిన సాయం ఇందులో కనిపిస్తుంది.

కొలతలో మోసానికి చాలా దారులు ఉండేవి. పాత్రను గోపురంలా పోసి కొలిస్తే ఒక లెక్క, అంచుకు చదును చేసి కొలిస్తే ఒక లెక్క. కొనేటప్పుడు చదునుగా కొలిచి పోయించుకున్నవారు, బదులు తీర్చేటప్పుడు గోపురంగా పోయవలసి వస్తే నష్టం వారిదే. అడుగు లోపలికి నొక్కుకుపోయిన మానికా ఆ కోవలోదే. ఇల్లాలు కొట్టువాడిని 'కొసరు' అడగడంలో ఆశ ఏమీ లేదు. తగ్గి ఉంటుందని తెలిసిన కొలతను సరిచేసుకునే మార్గం అది. కొసరు ఇవ్వని కొట్టుకు రెండోసారి వెళ్లకపోవడం ఆమె చేతిలో ఉన్న ఆయుధం. ఆ ఊళ్లో ఒకే కొట్టు ఉండి, అందులో బాకీ కూడా ఉంటే ఆ ఆయుధం పనిచేయదు.

ఏడాది సామాను

భూమి ఉన్న ఇళ్లలోనూ, నెల జీతం నిలకడగా వచ్చే ఇళ్లలోనూ సరుకులు కొనడానికి ఒక వార్షిక క్రమం ఉండేది. సంక్రాంతికి కొత్త ధాన్యం, ఆ వెంటనే కందులు, మినుములు. మాఘ ఫాల్గుణాల్లో మిరపకాయలు, పసుపు, కొత్త చింతపండు. చైత్ర వైశాఖాల్లో మామిడికాయలు, ఎండలు ముదిరాక ఒడియాలు, వరుగులు, ఊరమిరపకాయలు. సరుకు పంటకు వచ్చిన నెలలో కొంటే చవక, వానాకాలంలో కొంటే ప్రియం. ఈ రెండు ధరల నడుమ తేడా ఎంత ఉంటే ఆ ఇంటికి పొదుపు అంత.

కొన్నది చెడకుండా నిలవ చేయడం దీనిలో సగం పని. పప్పులు ఎండబెట్టి ఆముదం పట్టించేవారు. బియ్యంలో ఎండిన వేపాకు వేసేవారు. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి, జాడీలో దట్టించేవారు. ధాన్యానికి గాదె, గరిసె, పాతర ఉండేవి. కోలారు సీమలో రాగులకు ఈ విషయంలో పెద్ద మేలు ఉంది. పురుగు పట్టని గింజ కనుక పాతరలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. వానలు తప్పిన ఏడు పాతర తెరిచి, రాగి ముద్ద మీద ఇల్లు గడిపేవారు. బళ్లారి, షోలాపూరు ప్రాంతాల తెలుగువారికి జొన్న, కోవిల్పట్టి వైపు నల్లరేగడిలో స్థిరపడిన తెలుగు రైతులకు సజ్జ, జొన్న రోజు తిండి. వరి అన్నం పండుగకు, చుట్టాలకు. దీన్ని చవక తిండి అని చిన్నచూపు చూడడం తర్వాతి కాలపు అలవాటు. ఆ నేలలో పండేదాన్ని తినడం ఆ కుటుంబాలు చేసిన మొదటి పొదుపు.

వండిన తర్వాత కూడా పొదుపు ఆగేది కాదు. గంజి వార్చి దాన్ని ఉప్పు వేసి తాగేవారు. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉదయానికి చద్దన్నం, పులిసిన గంజినీటితో తరవాణి. బియ్యం కడిగిన కుడితి పశువుకు. పాత బియ్యం ధర కొంచెం ఎక్కువైనా అన్నం ఒదుగుతుందని తెలిసినవారు దాన్నే కొనేవారు. వంటచెరకు కూడా ఖర్చే కనుక పట్నంలో పొట్టు పొయ్యి, బొగ్గుల కుంపటి వచ్చాయి. ఒక పొయ్యి మీద అన్నం దిగగానే ఆ నిప్పు మీదే పప్పు, ఆ తర్వాత ఆ బూడిద వేడి మీదే నీళ్లు కాగేవి.

ఈ క్రమాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఏడాది సామాను కొనాలంటే మాఘంలో ఒకేసారి డబ్బు ఉండాలి, సరుకు దాచడానికి చోటు ఉండాలి. ఒక్క గదిలో అద్దెకు ఉండి, రోజు కూలితో బతికే ఇంటికి ఈ రెండూ లేవు. అక్కడ 'ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి' అన్న సామెతే వార్షిక క్రమం.

ఖాతా పుస్తకం

మహారాష్ట్రలోని తెలుగువారి చరిత్ర ఈ సంగతిని స్పష్టంగా చూపుతుంది. షోలాపూరులో మొదటి బట్టల మిల్లు 1877లో వెలిసింది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి చేమగ్గాల్లోను, మిల్లుల్లోను, తర్వాత మరమగ్గాల్లోను పనిచేశాయి. స్త్రీలలో చాలామంది బీడీలు చుట్టారు. బొంబాయిలోని కామాఠీపురా పేరే అక్కడ ఇళ్ల నిర్మాణంలో పనిచేసిన కామాఠీల వల్ల వచ్చింది.

మిల్లు జీతం నెలకు ఒకసారి, అదీ నెల ముగిసిన కొన్నాళ్లకు చేతికి వచ్చేది. కొత్తగా చేరినవాడు మొదటి జీతం అందేవరకు నెలకు పైగా ఏం తినాలి? వీధి చివర కొట్టులో ఖాతా తెరవాలి. ఒకసారి ఖాతా తెరిస్తే జీతం వచ్చిన రోజున పాత బాకీ తీరేది, మరునాటి నుంచి కొత్త బాకీ మొదలయ్యేది. ఇంటివారు ఎప్పుడూ ఒక నెల వెనకే ఉండేవారు.

అప్పు మీద కొన్న సరుకు ఎందుకు ప్రియమో ఆలోచించాలి. కొట్టువాడు వడ్డీ విడిగా రాయడు, ధరలోనే కలుపుతాడు. వీశ లెక్కన కొంటే ఒక ధర, పలం లెక్కన పొట్లం కట్టించుకుంటే ఇంకో ధర. కొనేవారు వేరే కొట్టుకు పోలేరు కనుక నాసిరకం సరుకు ఇచ్చినా, తూకం తగ్గించినా అడగలేరు. పద్దు రాసేది కొట్టువాడే, చదవగలిగేదీ అతనే. ఇలా నలభై పలాలను నలభై రోజులు విడివిడిగా కొన్న పేద ఇల్లు, ఒకేసారి వీశ కొన్న కలిగిన ఇంటికంటే ఎక్కువ చెల్లించింది. పేదవారు దుబారా చేస్తారన్న నింద వేసేముందు ఈ లెక్క చూడాలి.

ఆనాటి ప్రభుత్వం కూడా దీన్ని గమనించింది. బొంబాయి ప్రభుత్వ కార్మిక కార్యాలయం షోలాపూరు నూలుమిల్లు కార్మికుల ఇంటి ఖర్చులపై విచారణ జరిపి 1928లో నివేదిక ప్రచురించింది. కార్మికుల స్థితిగతులపై నియమించిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, చాలా పారిశ్రామిక కేంద్రాల్లో కనీసం మూడింట రెండువంతుల కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, ఎక్కువమందికి ఆ అప్పు మూడునెలల జీతాన్ని మించిందని తేల్చింది. జీతాన్ని గడువులోగా చెల్లించాలని చెప్పిన చట్టం 1936లో వచ్చింది. జీతం పెరగకుండానే, అది చేతికి వచ్చే తేదీ మారితే ఇంటి ఖర్చు తగ్గుతుందన్న గ్రహింపు ఇందులో ఉంది. పొదుపు చరిత్రలో ఈ చట్టానికి చోటు ఇవ్వాలని అంటున్నది అందుకే.

సహకార దుకాణం

ఖాతాకు విరుగుడుగా మద్రాసులో ఒక ప్రయోగం ముందే మొదలైంది. తిరువల్లిక్కేణిలో 1904లో కొందరు మధ్యతరగతి ఉద్యోగులు కలిసి ఒక సహకార దుకాణం పెట్టారు. ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ అనే పేరుతో అది నగరమంతటా శాఖలు తెరిచింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతకార్మికులు 1844లో నెలకొల్పిన దుకాణం దీనికి ఆదర్శం. సభ్యులు వాటాధనం వేస్తారు, సరుకును టోకున కొంటారు, సరైన తూకంతో అమ్ముతారు, మిగిలిన లాభాన్ని కొనుగోళ్ల మేరకు సభ్యులకే పంచుతారు. దేశంలో 1904 నాటి సహకార చట్టం పరపతి సంఘాలకే ఉద్దేశించినది. ఇతర రకాల సంఘాలకు దారి తెరిచింది 1912 నాటి చట్టం.

అప్పటి మద్రాసు తెలుగువారికి కూడా రాజధాని. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 1908లో ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రికను 1928లో ఇక్కడి నుంచే మొదలుపెట్టారు. ఉద్యోగానికి, చదువుకు, ముద్రణాలయాలకు వచ్చిన తెలుగు మధ్యతరగతికి పల్లెలోని గాదె లేదు, నెల జీతమే ఉంది. వారికి ఏడాది సామానుకు బదులు నెల సామాను అలవాటైంది. నెల మొదట్లో చీటీ రాసి, ఒకేచోట సరుకులు తెచ్చుకుని, పద్దు రాసుకునే పద్ధతి పట్నం ఇచ్చినది. అయితే సహకార దుకాణం కూడా రొక్కం ఉన్నవారికే అందింది. రోజు కూలీకి దాని గడప ఎత్తే.

రేషను కార్డు

రొక్కం ఉన్నా సరుకు దొరకని రోజులు రెండో ప్రపంచయుద్ధంతో వచ్చాయి. జపాను సేనలు 1942లో బర్మాను ఆక్రమించడంతో రంగూన్ బియ్యం ఆగిపోయింది. ఈ దెబ్బ తెలుగువారికి రెండు వైపులా తగిలింది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలమంది కూలీలు బర్మా వెళ్లి డబ్బు పంపేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరుమీద అక్కడివారు వారిని కోరంగీలు అని పిలిచేవారు. ఆ మనియార్డర్లు ఆగాయి. బతికినవారు కాలినడకన తిరిగి వచ్చారు. ఇంటికి తినేవారు పెరిగారు, వచ్చే బియ్యం తగ్గింది.

బొంబాయిలోనూ మద్రాసులోనూ 1943లో రేషను మొదలైంది. రైల్వేలు, మిల్లులు తమ కార్మికులకు చవకధాన్యపు దుకాణాలు నడిపాయి. కొట్టువాడి ఖాతా పుస్తకం స్థానంలో ఇంట్లోవారి పేర్లున్న కార్డు వచ్చింది. కొలత, ధర రెండూ ప్రభుత్వం నిర్ణయించినవి. 1946లో మనిషికి రోజుకు ధాన్యం వాటా 12 ఔన్సులకు, అంటే సుమారు 340 గ్రాములకు తగ్గింది. బియ్యానికి బదులు గోధుమలు, జొన్నలు తీసుకోవలసి వచ్చింది. వరి అన్నం తప్ప ఎరుగని ఇళ్లలోకి గోధుమరవ్వ, చపాతీ వచ్చిన దారుల్లో ఇదొకటి. రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండగా మద్రాసు రాష్ట్రంలో 1952 జూన్‌లో ఆహార నియంత్రణలు తొలగాయి. మళ్లీ 1965లో తిండికి కటకట వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని కోరారు. అప్పటికే పూట మానుతున్న ఇళ్లకు ఈ పిలుపులో కొత్తదనం లేదని చెప్పనక్కరలేదు.

ఈ నడుమనే నాణెం, తూకం మారాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి పదహారు అణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. పావలా సరిగ్గా 25 నయాపైసలు అయింది. బేడకు పన్నెండున్నర, అణాకు ఆరుంబావు. అణాలో నాలుగోవంతైన కానీకి ఒకటిన్నర పైచిలుకు. ఇంత పాలు చెల్లించే నాణెం లేదు కనుక అటో ఇటో సర్దాలి. రూపాయిల్లో కొనేవారికి ఇది లెక్కలోకి రాదు, కానీకి కరివేపాకు, అణాకు నూనె కొనేవారికి ప్రతి కొనుగోలులోనూ వస్తుంది. 1958 నుంచి అంచెలంచెలుగా కిలో, లీటరు వచ్చాయి. కుంచం, వీశ చట్టం దృష్టిలో చెల్లకుండా పోయాయి. రాష్ట్రాలను బట్టి మారే మణుగుల గందరగోళం పోవడం దూరప్రాంతపు తెలుగువారికి మేలే. 25 పైసలు, అంతకు లోపు నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కోల్పోవడంతో పావలా కూడా మాటల్లోనే మిగిలింది.

తర్వాతి కాలపు చవకబియ్యం చరిత్రలో సరిహద్దు ప్రభావం బాగా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండురూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఒడిశాలో రెండురూపాయల బియ్యం 2008లో వచ్చింది. తమిళనాడులో 2011 నుంచి ఉచితం. కర్ణాటకలో అన్నభాగ్య 2013లో మొదలైంది. జాతీయ ఆహారభద్రతా చట్టం కూడా 2013 నాటిదే, దాని కిందికి వచ్చే కుటుంబాలకు 2023 జనవరి నుంచి ధాన్యం ఉచితం. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల కుటుంబాలు సరిహద్దుకు అటొకటి ఇటొకటి ఉంటే, ముప్పై ఏళ్లపాటు వారి బియ్యపు ఖర్చు ఒకటిగా లేదు. ఈ తేడాకు వారి గుణగణాలు కారణం కాదు.

చీటీ, పిడికెడు బియ్యం

కార్డు సరుకు ఇచ్చింది కాని రొక్కం ఇవ్వలేదు. పెళ్లికి, బడి ఫీజుకు, పంటకాలంలో ఒకేసారి సరుకు కొనడానికి రొక్కం సమకూర్చింది చీటీ. దక్షిణాది పట్టణాల్లో తెలుగు, తమిళ, కన్నడ ఇళ్లు కలిసి వేసుకున్న వ్యవహారం ఇది. ఇరవైమంది నెలకు యాభై రూపాయలు వేస్తే వెయ్యి అవుతుంది. పాటలో ఒకరు 250 తగ్గించుకుని 750 తీసుకుంటారు. ఆ 250లో నడిపేవారి కమీషను 50 పోగా మిగిలిన 200 ఇరవైమందికి పదేసి చొప్పున పంచుతారు. అంటే ఆ నెల ఒక్కొక్కరు కట్టింది నలభై. అవసరం ముందున్నవారు ముందు పాడుకుంటారు, ఆగగలిగినవారు చివరకు ఎక్కువ తీసుకుంటారు. అప్పు, పొదుపు రెండూ ఒకే పాత్రలో ఉన్న ఏర్పాటు ఇది.

నడిపేవారు పరారైతే పొదుపంతా పోయేది కనుక చట్టాలు వచ్చాయి. తమిళనాడు చట్టం 1961 నాటిది, కేంద్రచట్టం 1982 నాటిది. కేంద్రచట్టం కమీషనును ఐదు శాతానికి పరిమితం చేసింది, 2019 సవరణలో అది ఏడు శాతం అయింది. ఇంటి ఆడవాళ్లు తమలో తాము వేసుకున్న చిన్న చీటీలు ఏ చట్టం లెక్కలోకీ రాలేదు. అక్కడ పూచీ పరువు ఒక్కటే.

చీటీకంటే పాతది పిడికెడు బియ్యం. ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. నెల తిరిగేసరికి అది ఒకటి రెండు పూటల బియ్యం. గుడికి, బిచ్చానికి, ఆపదకు వాడేవారు. ఇంట్లో ఎవరికీ లెక్క చెప్పనవసరం లేని, ఇల్లాలి స్వాధీనంలో ఉన్న మొదటి నిధి అది.

ఎవరి నోరు కట్టుకుని?

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఇంటి పొదుపు అన్నప్పుడు అది ఎవరి పళ్లెంలో నుంచి వచ్చింది? అందరూ తిన్నాక అడుగున మిగిలిన అన్నం, మజ్జిగ నీళ్లు, ఊరగాయ బద్ద ఇల్లాలి వాటా. ఒడియాలు, వరుగులు, పొట్టు పొయ్యి అన్నీ ఆమె పనిగంటలు. ఆ గంటలకు ధర కడితే పొదుపు లెక్క తారుమారయ్యే ఇళ్లు ఎన్నో ఉంటాయి. ఇంతచేసినా ఇంటి పెద్ద ఖర్చు ఆమె చేతిలో ఉండేది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు 1991-92లో సారా మీద తిరగబడినప్పుడు వారు వేలెత్తి చూపింది ఈ ఖర్చునే. ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. అదే జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపులక్ష్మి సంఘాలు ఆ ఉద్యమం వెంటే లేచాయి. తాగుడుకు పోయే రూపాయి ఇంటికి మిగిలితే ఏమవుతుందో అవి చూపాయి. సంపూర్ణ మద్యనిషేధం 1995లో వచ్చి 1997లో సడలింది. పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాంకు ఆ నిషేధం వర్తించలేదు. యానాం ఇల్లాలికి పొరుగు జిల్లాల స్త్రీలు సాధించినది అందలేదు. కర్ణాటక సారాను నిషేధించింది 2007లో.

తెలుగువారు గణనీయంగా ఉన్న ధర్మపురి జిల్లాలో స్త్రీల సంఘాల ప్రయత్నం 1989లోనే మొదలైంది, తమిళనాడులో మహళిర్ తిట్టంగా విస్తరించింది. నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం చేపట్టింది. ఒడిశాలో మిషన్ శక్తి 2001 నాటిది. పిడికెడు బియ్యం కుండ బ్యాంకు పుస్తకం అయిన క్రమం ఇది. షోలాపూరు సమీపంలోని కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు సహకార పద్ధతిలో పదివేల ఇళ్లు కట్టి 2006లో అప్పగించారు. వారిలో పద్మశాలి తెలుగు స్త్రీలు చాలామంది. ప్రభుత్వ సాయంతోపాటు తమ వాటా డబ్బు తామే కట్టుకున్నారు. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే స్త్రీ ఇంటి యజమానురాలు కావడానికి ఆమె పొదుపు కావలసి వచ్చింది, సంఘమూ కావలసి వచ్చింది, పోరాటమూ కావలసి వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ తక్కిన రెండు లేకుండా ఆ ఇల్లు కట్టలేదు.

విద్యార్థులకు ఒక మాట

ఈ చరిత్రకు ఆధారాలు గ్రంథాలయాల్లోకంటే మన ఇళ్లలో ఎక్కువ. పాత పద్దుల పుస్తకం, చెల్లిపోయిన రేషను కార్డు, చీటీ పుస్తకం, అటకమీద ఇత్తడి సోల, పేరు చెక్కిన గిన్నె, ఇవన్నీ పత్రాలే. వాటిని చూసేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పద్దు ఏ లిపిలో రాశారు, తెలుగులోనా, కన్నడ, తమిళ, ఒడియా, మోడీ లిపుల్లోనా? కొలతకు ఏ మాట వాడారు? సరుకు నెలకు కొన్నారా, రోజుకు కొన్నారా? రొక్కమా, ఖాతానా? రాసింది ఇంటి యజమానా, ఇల్లాలా? రాత రాని ఇంట్లో లెక్క ఎలా గుర్తుంచుకున్నారు, గోడమీద గీతలా, ముడివేసిన దారమా? సోలను పారేయకముందు నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలిచి ఊరి పేరుతో సహా రాసిపెడితే అది ఒక కొత్త ఆధారం అవుతుంది.

'అప్పు చేసి పప్పుకూడు' అని ఎగతాళి చేసే సామెతను మన ఇళ్లలో విన్నాం. ఆ అప్పు ఎందుకు చేశారు, ఏ ధరకు ఆ పప్పు కొన్నారు అన్నది సామెత చెప్పదు. పద్దు చెబుతుంది. ఆ పద్దును చదవగలిగినవారు ఇంకా మన ఇళ్లలో ఉండగానే అడిగి రాసుకోవడం మనం చేయవలసిన పని.